అమెరికా రాష్ట్ర ప్రభుత్వ పని తిరుపతికి రాకూడదన్న షరతు న్యాయమేనా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు సంగతి ఇది. చిత్తూరు నుంచి వచ్చి తిరుపతిలో ఒక చిన్న సంస్థలో మీరు రాత్రి షిఫ్టు చేస్తున్నారు. మీ బృందంలోని ముప్ఫై మంది ఒక అమెరికా రాష్ట్ర ప్రభుత్వ సంక్షేమ పథకానికి వచ్చే దరఖాస్తులను పరిశీలించేవారు. కాంట్రాక్టు పొడిగించేటప్పుడు ఆ రాష్ట్రం, పని మొత్తం అమెరికా భూభాగంలోనే జరగాలన్న షరతు చేర్చడంతో మీ బృందానికి నెల రోజుల నోటీసు ఇచ్చారు. ఒక ప్రభుత్వానికి ఇలా చేసే హక్కు ఉందా, ఇది వివక్ష కాదా, మన ప్రభుత్వం కూడా బదులుగా ఇదే చేయకూడదా అని మూడు ప్రశ్నలు అడిగారు.

నేను ఇరవై ఆరేళ్లు కాంట్రాక్టుల పనిలోనే ఉన్నాను. అందులో మొదటి సగం అమెరికా రాష్ట్ర ప్రభుత్వాల ప్రాజెక్టులకు బిడ్లు తయారు చేయడంలో గడిచింది. మిగిలిన కాలం మన ప్రభుత్వ విభాగాలకు టెండరు పత్రాలు రాయడంలో సాయపడ్డాను. అందువల్ల ఈ షరతు దెబ్బ తిన్న వైపునా, దాన్ని స్వయంగా రాసిన వైపునా నిలబడిన అనుభవం నాకుంది. హక్కు ఉందా అన్న మొదటి ప్రశ్నకు నా జవాబు, ఉంది అనే. వివక్షా కాదా అన్నది ఆ షరతు ఏ కారణంతో పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. మూడోదానికి జవాబు, మనం ఇప్పటికే చేస్తున్నాం కానీ సరిగా చేయడం లేదు.

ముందు ఒక మాట విడదీసి చూడాలి. మన జిల్లాల్లో అవుట్‌సోర్సింగ్ అంటే ప్రభుత్వ ఆసుపత్రిలోనో మున్సిపల్ కార్యాలయంలోనో ఏజెన్సీ ద్వారా, తరువాత ఆప్కాస్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ద్వారా జీతం తీసుకునే ఉద్యోగమని అందరికీ అర్థం. మీ ఉద్యోగం పోవడానికి కారణమైన షరతు దానికి సంబంధించినది కాదు. ప్రభుత్వం తన పనిని బయటి సంస్థకు అప్పగించడం ఒక సంగతి, ఆ బయటి సంస్థ పనిని దేశం దాటించడం వేరొక సంగతి. 2011 నవంబరు 4న మీసేవ మొదలైనది మన చిత్తూరు జిల్లాలోనే. అక్కడ దరఖాస్తు తీసుకునేది ప్రైవేటు కేంద్రం నిర్వాహకుడైనా, ధ్రువపత్రం మంజూరు చేసేది తహశీల్దారే. తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లినవారు ‘ఎ’ కౌంటరులో టీసీఎస్ సిబ్బందిని, ‘బి’, ‘సి’ కౌంటర్లలో ప్రభుత్వ అధికారులను చూసే ఉంటారు. కాగితాలు స్కాన్ చేసి, వేలిముద్రలు తీసుకునే పని బయటికి ఇచ్చారు కానీ, పాస్‌పోర్టు ఇవ్వాలా వద్దా అనే నిర్ణయాన్ని ఇవ్వలేదు. ఏది బయటికి ఇవ్వవచ్చు, ఏది ఇవ్వకూడదు అన్న ఈ గీతను గుర్తుంచుకోండి, దీని అవసరం మళ్లీ వస్తుంది.

ఇక హక్కు సంగతి. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలు ఒకరి సేవలను మరొకరు వివక్ష లేకుండా చూడాలని సేవల వాణిజ్యంపై ఉన్న గాట్స్ ఒప్పందం చెబుతుంది. కానీ ప్రభుత్వాలు తమ సొంత అవసరాలకు కొనే సేవలకు ఆ ఒప్పందంలోని ప్రధాన నియమాలు వర్తించవని దాని 13వ అధికరణమే మినహాయింపు ఇచ్చింది. ప్రభుత్వ కొనుగోళ్ల కోసం విడిగా మరో ఒప్పందం ఉంది. అందులో చేరిన దేశాలే ఒకరి టెండర్లలో మరొకరు సమాన హక్కు అడగగలవు. భారత్ 2010 నుంచి దానిలో పరిశీలక హోదాలో మాత్రమే ఉంది, సభ్యదేశం కాదు. మన ప్రభుత్వ కొనుగోళ్లను విదేశీ సంస్థలకు తెరవకుండా ఉంచుకోవడానికి మనమే ఎంచుకున్న దారి ఇది. ఆ దారిలో ఉంటూ అవతలివారి తలుపు మాత్రం తెరిచి ఉండాలని అడగడానికి చట్టపరమైన ఆధారం లేదు. పైగా అమెరికా ఆ ఒప్పందం కిందికి తెచ్చినది 37 రాష్ట్రాలనే. మీరు వార్తల్లో తరచుగా చూసే న్యూజెర్సీ, ఇండియానా, ఒహాయో మూడూ ఆ జాబితాలో లేవు.

ఆ మూడు రాష్ట్రాల చరిత్ర తెలిస్తే ఈ షరతుకు వెనకున్న ఆలోచన తెలుస్తుంది. న్యూజెర్సీలో పేద కుటుంబాలకు ఆహార సాయం, నగదు సాయం అందించే కార్డుల గురించి ఫోన్లో జవాబు చెప్పే కాల్ సెంటరును కాంట్రాక్టరు సంస్థ విస్కాన్సిన్ నుంచి ముంబయికి తరలించింది. ఉద్యోగం పోయి ప్రభుత్వ సాయం కోసం ఫోన్ చేసిన వ్యక్తికి, ఆ సాయం గురించి చెప్పే ఉద్యోగం కూడా దేశం దాటిందని తెలిసినప్పుడు కలిగే బాధను మనం తక్కువ చేసి మాట్లాడకూడదు. రాష్ట్ర కాంట్రాక్టుల పని అమెరికాలోనే జరగాలంటూ సెనెటర్ షర్లీ టర్నర్ 2002లో తెచ్చిన బిల్లును ఆ రాష్ట్ర సెనేట్ 40-0తో ఆమోదించింది. అయినా అప్పట్లో అది చట్టం కాలేదు. కాల్ సెంటరు మాత్రం ఎక్కువ ఖర్చుతో న్యూజెర్సీలోని కామ్డెన్‌కు తిరిగి వచ్చింది. చివరికి 2005లో చట్టం వచ్చింది. నా దృష్టిలో ఆ చట్టంలో నిషేధం కంటే విలువైనది మరొకటి ఉంది. బిడ్ వేసే ప్రతి సంస్థా తన పని, తన సబ్‌కాంట్రాక్టర్ల పని ఏ దేశంలో జరుగుతుందో ముందే రాసి ఇవ్వాలి. మధ్యలో పనిని బయటి దేశానికి తరలిస్తే అది కాంట్రాక్టు ఉల్లంఘన అవుతుంది. ఆ సేవ అమెరికాలో దొరకదని కొనుగోలు అధికారి లిఖితపూర్వకంగా ధ్రువీకరిస్తే మినహాయింపు కూడా ఉంది.

ఇండియానా కథ వేరు. నిరుద్యోగ భృతి కంప్యూటర్ వ్యవస్థను ఆధునికీకరించే 1.52 కోట్ల డాలర్ల కాంట్రాక్టు టాటా సంస్థకు దక్కింది, పోటీదారుల కంటే తక్కువ ధర వేసినందున. 2003 నవంబరులో గవర్నర్ జో కెర్నన్ దాన్ని రద్దు చేశారు. అక్కడి ఏర్పాటు ప్రకారం సంస్థ ఉద్యోగులు ఇండియానాకే వచ్చి, రాష్ట్ర ఉద్యోగుల పక్కన కూర్చుని పనిచేయాల్సింది. అంటే పని దేశం దాటడం లేదు, చేసే మనిషి వేరే దేశస్థుడు కావడమే అభ్యంతరమైంది. దాన్ని నేను అప్పుడూ అన్యాయమనే అన్నాను, ఇప్పుడూ అంటాను. పని ఎక్కడ జరగాలో షరతు పెట్టడం ఒకటి, చట్టబద్ధమైన వీసాతో వచ్చి అక్కడే పన్ను కట్టే మనిషి పుట్టిన దేశాన్ని చూడడం మరొకటి. ఒహాయోలో 2010 ఆగస్టులో గవర్నర్ టెడ్ స్ట్రిక్‌లాండ్ ప్రభుత్వ సొమ్ముతో విదేశాల్లో సేవలు చేయించకూడదని ఉత్తర్వు ఇచ్చారు. ఫెడరల్ స్థాయిలో 2011 జనవరిలో అమల్లోకి వచ్చిన జాడ్రోగా చట్టం, ఆ కొనుగోళ్ల ఒప్పందంలో లేని దేశాల నుంచి అమెరికా ప్రభుత్వం కొనే వస్తువులు, సేవల చెల్లింపులపై 2 శాతం పన్ను వేసింది. 2025 సెప్టెంబరులో సెనెటర్ బెర్నీ మొరెనో ప్రతిపాదించిన 25 శాతం పన్ను బిల్లును దీనితో కలపకండి. అది ప్రైవేటు కంపెనీలు విదేశాలకు చేసే చెల్లింపుల గురించి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ షరతుకు మూడు కారణాలు చెబుతారు. స్థానికులకు ఉద్యోగాలు, పౌరుల సమాచార రక్షణ, పనిపై ప్రభుత్వానికి ఉండాల్సిన అదుపు. ఎన్నికల వేదికపై మొదటిదే వినిపిస్తుంది. ఇరవై ఆరేళ్లలో నేను చూసినదాన్ని బట్టి, గట్టిగా నిలబడేవి మిగిలిన రెండూ. ఆ రెండింటినీ కాపాడేది పని ఏ దేశంలో జరుగుతున్నదన్న ఒక్క వాక్యం కాదు, ఆ సమాచారాన్ని ఎవరు చూడగలుగుతున్నారన్నది ప్రభుత్వానికి ప్రతిరోజూ తెలిసి ఉండడం.

దీన్ని నేను పుస్తకంలో నేర్చుకోలేదు. చాలా ఏళ్ల కిందట చెన్నైలో నేను పనిచేసిన సంస్థకు, ఒక అమెరికా రాష్ట్రపు నిరుద్యోగ భృతి వ్యవస్థలో సాఫ్ట్‌వేర్ పరీక్షల పని మూడో అంచె సబ్‌కాంట్రాక్టుగా వచ్చింది. అసలు కాంట్రాక్టులో సేవలన్నీ అమెరికాలోనే జరగాలని స్పష్టంగా ఉంది. పరీక్షలు రాష్ట్రానికి అందించే సేవ కాదు, కాంట్రాక్టరు తన నాణ్యత కోసం చేసుకునే అంతర్గత పని అని పైవాళ్లు భాష్యం చెప్పారు. మేమూ ప్రశ్నించకుండా ఒప్పుకున్నాం. ఒక రాత్రి మా బృందంలోని ఒక అమ్మాయి నన్ను తన సిస్టమ్ దగ్గరకు పిలిచి, “సార్, ఇవి కల్పించిన పేర్లు కావేమో. ఈ చిరునామాలోని వీధిలోనే మా అక్కావాళ్లు ఉంటారు” అన్నది. చూస్తే, పరీక్షల కోసం మాకు పంపిన డేటా అసలు డేటాకు పూర్తి నకలు. ఉద్యోగాలు పోయిన వేలాది మంది పేర్లు, సామాజిక భద్రత సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు మా ముందున్నాయి. మరునాడే లిఖితపూర్వకంగా పైకి తెలియజేశాం. రెండు వారాల్లో ఆ పని ఆగిపోయింది, పద్దెనిమిది మందికి వేరే ప్రాజెక్టులు వెతకాల్సి వచ్చింది. ఆ అమ్మాయి అడగకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ రాష్ట్రంలో షరతు ఉన్నా, డేటా సముద్రం దాటి మా దాకా వచ్చింది. పని అంటే ఏమిటో కాంట్రాక్టు నిర్వచించలేదు, ఎన్ని అంచెల కింద ఎవరున్నారో ఎవరూ అడగలేదు. అక్కడే పొరపాటు జరిగింది.

అంచెల ప్రమాదానికి లోకమంతా ఎరిగిన ఉదాహరణ 2003 అక్టోబరులో బయటపడింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన శాన్‌ఫ్రాన్సిస్కో వైద్య కేంద్రం తన వైద్యుల మాటల రికార్డులను రాతలోకి మార్చే పనిని స్థానిక సంస్థకు ఇచ్చింది. అది ఫ్లోరిడాకు, అక్కడి నుంచి టెక్సాస్‌కు, చివరికి కరాచీకి చేరింది. తనకు రావలసిన డబ్బు ఇవ్వకపోతే రోగుల వివరాలు ఇంటర్నెట్‌లో పెడతానని అక్కడ పనిచేసిన వ్యక్తి ఆసుపత్రికి నేరుగా ఈమెయిల్ పంపే వరకు, తమ రోగుల వివరాలు దేశం దాటాయని ఆసుపత్రికే తెలియదు. ఆ బెదిరింపును నేను ఏమాత్రం సమర్థించను. కానీ ప్రతి అంచెలోనూ కొంత కోత పడి, చివరి మనిషికి కూలి కూడా అందని ఏర్పాటును కూడా మరచిపోకూడదు.

అదుపు విషయంలో కొత్త ఉదాహరణ 2025 జులైలో వచ్చింది. అమెరికా రక్షణ శాఖ క్లౌడ్ వ్యవస్థల నిర్వహణలో మైక్రోసాఫ్ట్ సంస్థ చైనాలోని ఇంజినీర్ల సాయం తీసుకుంటోందని, వారి పనిని అమెరికాలోని సహాయకులు పర్యవేక్షిస్తున్నారని, ఆ సహాయకుల్లో చాలామందికి తాము ఎక్కిస్తున్న ఆదేశాలను అర్థం చేసుకునే సాంకేతిక నైపుణ్యం లేదని పత్రికా పరిశోధనలో తేలింది. మైక్రోసాఫ్ట్ ఆ ఏర్పాటును ఆపేసింది. కీబోర్డు మీద చేయి అమెరికన్‌దే, కాబట్టి కాగితం మీద షరతు పాటించినట్టే. అదుపు మాత్రం ఎక్కడో ఉంది.

మీ విషయంలో ఏది వర్తించి ఉంటుందో ఇప్పుడు ఊహించవచ్చు. సంక్షేమ దరఖాస్తుల పరిశీలనలో తరచుగా దరఖాస్తుదారుల ఆదాయపు పన్ను వివరాలు వస్తాయి. అమెరికా ఫెడరల్ పన్ను సమాచారాన్ని దేశం బయట ఉంచడాన్నీ, బయటి నుంచి చూడడాన్నీ అక్కడి పన్నుల శాఖ నిబంధనల పత్రం 1075 నిషేధిస్తుంది. ఆ సమాచారం తీసుకునే రాష్ట్ర విభాగాలన్నీ దానికి కట్టుబడాలి. పేదల వైద్య పథకమైన మెడికెయిడ్ చెల్లింపులను దేశం బయటి సంస్థలకు ఇవ్వకూడదని 2010 ఆరోగ్య చట్టంలోని 6505వ సెక్షన్ చెబుతుంది. మీ పని ఈ రెండింటిలో దేని పరిధిలోకి వచ్చినా, ఆ రాష్ట్ర అధికారికి వేరే దారి లేదు. మీ బృందం మీద అపనమ్మకంతో తీసుకున్న నిర్ణయం అది కాదు.

మన వైపు చూద్దాం. 2017 జూన్ 15న కేంద్రం ఇచ్చిన మేకిన్ ఇండియా ప్రాధాన్య ఉత్తర్వు, 2020 సెప్టెంబరులో సవరించిన రూపంలో, సరఫరాదారులను మూడు తరగతులుగా విడదీసింది. స్థానిక విలువ, అంటే సరఫరా మొత్తం విలువలో దేశంలోనే చేరిన భాగం, 50 శాతం, ఆపైన ఉంటే మొదటి తరగతి, 20 నుంచి 50 శాతం లోపు రెండో తరగతి, 20 శాతం కంటే తక్కువైతే స్థానికేతర సరఫరాదారు. 200 కోట్ల రూపాయల వరకు విలువున్న కొనుగోళ్లకు సాధారణంగా గ్లోబల్ టెండరు, అంటే విదేశీ బిడ్డర్లకూ తెరిచే టెండరు, పిలవకూడదు. ఈ ఉత్తర్వులో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటి ఉంది. అతి తక్కువ ధర వేసిన ఎల్-1 మొదటి తరగతికి చెందకపోతే, దాని ధరకు 20 శాతం లోపు ఉన్న మొదటి తరగతి బిడ్డరును పిలిచి, ఎల్-1 ధరకే చేస్తావా అని అడుగుతారు. స్థానికుడికి అవకాశం దక్కుతుంది, ఖజానాపై అదనపు భారం పడదు. న్యూజెర్సీ కాల్ సెంటరు వ్యవహారంలో ప్రజలు ఆ భారం మోశారు.

2020 జులై 23న సాధారణ ఆర్థిక నియమాలలోని 144వ నియమానికి చేర్చిన పదకొండో భాగం మరింత కఠినమైనది. మనతో భూ సరిహద్దు ఉన్న దేశాల బిడ్డర్లు ముందుగా రిజిస్ట్రేషను చేయించుకోవాలి, ఆ దేశాల సంస్థలకు సబ్‌కాంట్రాక్టు ఇవ్వడానికీ అదే షరతు. రాజ్యాంగం 257వ అధికరణం కింద రాష్ట్రాలకూ దీన్ని వర్తింపజేశారు. ప్రభుత్వ క్లౌడ్ సేవల్లో డేటా భారతదేశంలోనే ఉండాలన్న షరతు ఉంది. చెల్లింపుల డేటా విషయంలో రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లోనే అదే మాట చెప్పింది. కాబట్టి బదులు తీర్చుకోవడం అన్న ప్రశ్నే లేదు, రెండు వైపులా తలుపులు ఉన్నాయి.

లోపం ఎక్కడంటే, మన ఉత్తర్వు విలువను లెక్కిస్తుంది కానీ చేతులను లెక్కించదు. బిల్లులో సగానికి పైగా రూపాయలు ఇక్కడివైతే చాలు, మిగిలిన భాగంలో అర్ధరాత్రి సర్వరులోకి లాగిన్ అయ్యేది ఎవరో అడగదు. రాయలసీమలోని ఒక పట్టణ స్థానిక సంస్థ ఫిర్యాదుల వ్యవస్థ టెండరు పత్రాన్ని తిరగరాసేందుకు నన్ను పిలిచినప్పుడు, పాత కాంట్రాక్టు కింద సాఫ్ట్‌వేరు సహాయక బృందం మరో దేశం నుంచి అన్ని ఫిర్యాదులనూ, ఫోన్ నంబర్లనూ చూడగలుగుతున్నదని గమనించాను. ఎవరూ దాచలేదు. ఎవరూ అడగలేదు, అంతే.

ఆ పత్రంలో నేను రాయించినవే మీకు చెబుతాను. పని అంటే అభివృద్ధి మాత్రమే కాదని, పరీక్షలు, బ్యాకప్, దూరం నుంచి చేసే మరమ్మతులు, రాత్రివేళ సహాయం, అడ్మిన్ పాస్‌వర్డు ఉన్న ప్రతి ఖాతా అందులోకి వస్తాయని నిర్వచనం పెట్టించాను. అన్ని అంచెల సబ్‌కాంట్రాక్టర్ల పేర్లు, పనిచేసే ఊరు, దేశం బిడ్‌తోనే ఇవ్వాలి, ఆరు నెలలకొకసారి తిరిగి ధ్రువీకరించాలి. మొదట చెప్పిన గీతను ఇక్కడ గీశాను: పౌరుల పేర్లు కనిపించే పని దేశం దాటకూడదు. పేర్లు, సంఖ్యలు చెరిపేసిన డేటాతో చేసే పరీక్షలు ఎక్కడ జరిగినా అభ్యంతరం లేదు. రంగులు, బొమ్మలు దిద్దే పనికి అసలు షరతే వద్దన్నాను. అన్నిటికీ ఒకే నిషేధం పెడితే ఖర్చు పెరగడమే కాదు, పాటించలేని షరతును అందరూ కలిసి చూసీ చూడనట్టు వదిలేసే అలవాటు మొదలవుతుంది. లాగిన్ రికార్డులను ముందస్తు సమాచారం లేకుండా తనిఖీ చేసే హక్కు ప్రభుత్వానికి ఉండాలి. ఇదంతా బిడ్లు వేయడానికి ముందు జరిగే ప్రీ-బిడ్ సమావేశానికి ముందే పత్రంలో ఉండాలి తప్ప, కాంట్రాక్టు ఇచ్చాక చేర్చకూడదు. టెండరు షరతులను నిర్ణయించే స్వేచ్ఛ ప్రభుత్వానికి ఉందని, కోర్టుల జోక్యం పరిమితమని 1994లో టాటా సెల్యులార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది నిజమే. ఆ స్వేచ్ఛ ఏకపక్షంగా ఉండకూడదని కూడా అదే తీర్పు చెప్పింది.

షరతు రాసేవారికి ఇంకో హెచ్చరిక. జాతీయ సౌర విద్యుత్ పథకంలో దేశీయ సోలార్ సెల్స్, మాడ్యూల్స్ వాడాలని మనం పెట్టిన నిబంధనపై అమెరికా వేసిన కేసులో 2016 సెప్టెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం మనకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం కొన్నది విద్యుత్తును, నిబంధన పెట్టినది సెల్స్ మీద, కనుక ప్రభుత్వ కొనుగోళ్ల మినహాయింపు దొరకదన్నారు. అది వస్తువుల ఒప్పందం కింద వచ్చిన తీర్పు. అయినా నేను ప్రతి షరతు దగ్గరా, ప్రభుత్వం స్వయంగా కొంటున్నదాని మీదే ఇది ఉందా అని ఒకసారి సరిచూసుకుంటాను.

ఇక మీ ముప్ఫై మంది సంగతి. షరతును కోర్టులో సవాలు చేయమని సలహా ఇచ్చేవారి మాట వినకండి, మీకు ఆ రాష్ట్రంతో నేరుగా ఒప్పందమే లేదు. మీ సంస్థతో మాత్రం ఉంది. నియామక పత్రం ప్రకారం నోటీసు కాలపు జీతం, మిగిలిన సెలవుల డబ్బు, భవిష్యనిధి లెక్కలు, అనుభవ పత్రం ఇప్పుడే లిఖితపూర్వకంగా అడగండి. పని పోకుండా చూస్తామంటూ అమెరికాలో ఉన్నట్టు కనిపించే వీపీఎన్ ద్వారానో, అక్కడి ఉద్యోగి లాగిన్ ద్వారానో పని కొనసాగించమని ఎవరైనా చెబితే దయచేసి ఒప్పుకోకండి. అది అక్కడి ప్రభుత్వాన్ని మోసగించడమే అవుతుంది, పట్టుబడినప్పుడు ముందు మీ పేరే లాగిన్ రికార్డులో ఉంటుంది. ఆ రాష్ట్ర డేటా మీ ల్యాప్‌టాప్‌లో ఒక్క ఫైలు మిగిలినా అప్పగించి, అప్పగించినట్టు రసీదు తీసుకోండి.

మీ సంస్థ యజమానిని ఒక్కటి అడగండి. మిగిలిన ప్రాజెక్టుల్లో చివరి కస్టమర్ ఎవరు, అందులో ప్రభుత్వ సొమ్ము ఎంత, మీరు ఎన్నో అంచెలో ఉన్నారు. ఆయనకు తెలియకపోతే పై అంచెను అడిగి తెలుసుకోమనండి. షరతు కాపీ మీకు చూపిస్తే, పేర్లు తీసేసి ఆ వాక్యాలను ఇక్కడ రాయండి. అది పన్ను సమాచారం గురించి పెట్టినదైతే, పేర్లు చెరిపేసిన డేటాతో చేయగల భాగాన్ని ప్రధాన కాంట్రాక్టరు ఆ రాష్ట్రం నుంచి లిఖితపూర్వక అనుమతి అడిగే వీలుంటుంది. ఆ లేఖ ముసాయిదా రాయడంలో నేను సాయపడతాను.